చిన్న తెర, పొడవాటి పట్టీ: పాత ల్యాప్‌టాప్ మీద స్క్రోలింగ్ టైలింగ్ ఎలా పనిచేస్తుంది

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అడిగితే ఎక్కువగా కనబడేది ఒకే రకం సరుకు. 14 అంగుళాల తెర, 1366×768 పిక్సెళ్లు, 4 జీబీ ర్యామ్, ఇంటెల్ గ్రాఫిక్స్. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఈ పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. అందుకే ఎల్‌ఎక్స్‌క్యూటీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికపాటి లినక్స్ డెస్క్‌టాప్‌ల వైపు చాలామంది వస్తున్నారు. వచ్చాక మెషీన్ వేగం బాగానే ఉంటుంది. తెర మాత్రం అంతే చిన్నదిగా ఉంటుంది. ఆ చిన్న తెరను ఎలా వాడుకోవాలన్న ప్రశ్నకు ఈ మధ్య వచ్చిన మంచి జవాబు స్క్రోలింగ్ టైలింగ్. దీని గురించి ఉన్న గందరగోళంలో సగం, దీన్ని మామూలు టైలింగ్‌తో కలిపేసి చూడడం వల్ల వస్తున్నదే.

మామూలు డెస్క్‌టాప్‌లో విండోలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. కావలసినదాన్ని ఆల్ట్ ట్యాబ్‌తో వెతుక్కోవాలి. ఐ3, స్వే వంటి టైలింగ్ మేనేజర్లు ఏదీ దేని కిందా దాగకుండా తెరను పంచిపెడతాయి. పెద్ద మానిటర్ మీద ఇది హాయిగా ఉంటుంది. 1366 పిక్సెళ్ల తెర మీద రెండో విండో తెరవగానే ఒక్కోదానికి 683 మిగులుతాయి, మూడోది పక్కన చేరితే 455. పట్టికలతో నిండిన పోర్టల్ ఏదైనా ఆ వెడల్పులో కుడి అంచు తెగిపోతుంది, లేదా వెబ్‌సైట్ ఫోన్ రూపంలోకి మారిపోతుంది. పైగా కొత్త విండో తెరిచిన ప్రతిసారీ పాతవన్నీ సైజు మార్చుకుంటాయి. చదువుతున్న వాక్యం ఉన్నచోట ఉండదు.

స్క్రోలింగ్ టైలింగ్‌కు మూలసూత్రం ఒక్కటే: కొత్త విండో తెరిస్తే ఉన్న విండోల సైజు మారకూడదు. మిగతాదంతా ఇందులోంచే వస్తుంది. సైజు మారకూడదంటే కొత్తది తెర బయటికైనా పోవాలి. అందుకే విండోలన్నీ కుడివైపు అంతులేకుండా సాగే ఒక పట్టీ మీద వరసగా కూర్చుంటాయి. మీ తెర ఆ పట్టీలో ఒక ముక్కను చూపిస్తుంది, మీరు అటూ ఇటూ జరుగుతారు. పొందూరు మగ్గం మీద గుడ్డ ఎంత నేసినా నేతగాడి ఎదురుగా ఉండేది కొద్ది మేరే, నేసినదంతా కర్రకు చుట్టుకుని అలాగే ఉంటుంది. ఎక్కువ నేశాం కదా అని ముందు నేసినది కుంచించుకుపోదు.

పట్టీలో ప్రతి గడినీ కాలమ్ అంటారు. ఒక కాలమ్‌లో ఒక విండో ఉండొచ్చు, రెండు మూడు విండోలు ఒకదాని కింద ఒకటి ఉండొచ్చు, ట్యాబుల్లా ఒకదాని వెనక ఒకటీ ఉండొచ్చు. వర్క్‌స్పేస్‌లు నిలువుగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి, ఒక్కో వర్క్‌స్పేస్‌కు ఒక్కో పట్టీ. అడుగున ఎప్పుడూ ఒక ఖాళీ వర్క్‌స్పేస్ సిద్ధంగా ఉంటుంది. అందులో విండో తెరిస్తే దాని కింద ఇంకో ఖాళీది పుడుతుంది. రెండో మానిటర్ తగిలిస్తే దానికి వేరే పట్టీ. ఒక తెర మీది విండో పక్క తెర మీదికి ఒలకదు. ప్రొజెక్టర్ వైరు తీసేస్తే దాని వర్క్‌స్పేస్‌లు ల్యాప్‌టాప్ తెర మీదికి వచ్చేస్తాయి, మళ్లీ తగిలిస్తే తిరిగి వెళ్లిపోతాయి.

ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది గ్నోమ్ డెస్క్‌టాప్‌కు ఎక్స్‌టెన్షన్‌గా వచ్చిన పేపర్‌డబ్ల్యూఎం. దాన్ని చూసి స్ఫూర్తి పొందిన ఇవాన్ మొలోడెత్స్కిఖ్ రస్ట్ భాషలో, స్మిథే లైబ్రరీ మీద, నిరి అనే సొంత వేలాండ్ కంపోజిటర్ రాశారు. వేలాండ్ అంటే పాత ఎక్స్11 స్థానంలో వస్తున్న కొత్త తెర వ్యవస్థ, అందులో విండోలను తెర మీద పేర్చి చూపించే ప్రోగ్రామే కంపోజిటర్. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ వాడేవారికి, దాని విండో మేనేజర్ క్విన్‌లో నడిచే కారోసెల్ అనే స్క్రిప్ట్ ఉంది. ఐ3, స్వే వదలలేనివారికి పేపర్‌స్వే అనే చిన్న ప్రోగ్రామ్ వాటి మీదే ఇలాంటి వరసను నడుపుతుంది. 4 జీబీ మెషీన్‌కు మా ఓటు నిరికే. పేపర్‌డబ్ల్యూఎం కావాలంటే దాని కింద గ్నోమ్ మొత్తం నడవాలి, ఆరు నెలలకోసారి గ్నోమ్ వెర్షన్ మారినప్పుడల్లా ఎక్స్‌టెన్షన్ కూడా దానికి తగ్గట్టు మారేదాకా ఆగాలి.

పెట్టుకునే ముందు గ్రాఫిక్స్ సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే నిరికి ర్యామ్ కన్నా అదే ముఖ్యం. 2011 నాటి సాండీ బ్రిడ్జ్, అంటే రెండో తరం కోర్ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ గ్రాఫిక్స్‌తో ఇబ్బంది ఉండదు. ఎన్‌విడియా పాత కార్డులతోనే చిక్కు. వేలాండ్ కంపోజిటర్లకు కావలసిన జీబీఎం మద్దతు ఎన్‌విడియా సొంత డ్రైవర్‌లో 495 వెర్షన్‌తో మొదలైంది. 470 దగ్గరే ఆగిపోయిన కార్డులకు ఆ డ్రైవర్‌తో నిరి రాదు, ఓపెన్ సోర్స్ డ్రైవర్ అయిన నూవోకు మారాలి. అలాంటి మెషీన్‌లో పాత ఎక్స్11 మీదే ఉండి ఐ3తో పేపర్‌స్వే వాడడం నయం. వర్చువల్ మెషీన్‌లో రుచి చూద్దామనుకునేవారు 3డీ యాక్సిలరేషన్ ఆన్ చేయకపోతే నల్ల తెర తప్ప ఏమీ చూడరు.

ఫెడోరా, ఆర్చ్ లినక్స్‌ల అధికారిక రిపోజిటరీల్లో (ప్రోగ్రాముల నిల్వల్లో) నిరి ఉంది. దాంతోపాటు టెర్మినల్‌కు, అంటే కమాండ్లు టైపు చేసే విండోకు, అలాక్రిట్టీ, ప్రోగ్రాములు తెరవడానికి ఫజెల్, తెర పై అంచున ఉండే సమాచార పట్టీకి వేబార్, తాళానికి స్వేలాక్, పాత ఎక్స్11 ప్రోగ్రాములకు ఎక్స్‌వేలాండ్ శాటిలైట్ ముందే పెట్టుకోండి. కొత్తవారు మొదటి నిమిషంలో బెదిరిపోయేది ఇక్కడే. లాగిన్ అవగానే ఐకాన్లు లేవు, మెనూ లేదు, ముఖ్యమైన కీల జాబితా తెర మీద కనబడుతుంది. సూపర్ కీ (విండోస్ గుర్తు ఉన్నది) పట్టుకుని టి నొక్కితే టెర్మినల్ రావాలి, కానీ అలాక్రిట్టీ లేకపోతే ఏమీ జరగదు, ఎందుకు జరగలేదో చెప్పేవారూ ఉండరు. అప్పుడు సూపర్ షిఫ్ట్ ఇ నొక్కి, ఎంటర్ కొట్టి బయటికి రావచ్చు.

చేతికి అలవాటు కావలసిన కీలు తక్కువే. సూపర్‌తో ఎడమ, కుడి బాణాలు పట్టీ మీద జరుపుతాయి. కంట్రోల్ కూడా కలిపితే మీరున్న కాలమ్ మొత్తం జరుగుతుంది. సూపర్ ఆర్ వెడల్పు మారుస్తుంది, సూపర్ ఎఫ్ కాలమ్‌ను తెర వెడల్పంతా పరుస్తుంది, సూపర్ క్యూ విండో మూస్తుంది. సూపర్ కామా కుడి పక్క విండోను ఈ కాలమ్‌లోకి లాగుతుంది, సూపర్ ఫుల్‌స్టాప్ బయటికి పంపుతుంది. సూపర్ డబ్ల్యూ కాలమ్‌లోని విండోలను ట్యాబులుగా మారుస్తుంది. ఎక్కడున్నామో తప్పిపోతే సూపర్ ఓ. 25.05 వెర్షన్‌లో వచ్చిన ఓవర్‌వ్యూ ఇది, వర్క్‌స్పేస్‌లన్నీ చిన్నవిగా ఒకేసారి కనిపిస్తాయి. టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్లతో పక్కకు లాగితే పట్టీ కదులుతుంది. పాత టచ్‌ప్యాడ్‌లు కొన్ని మూడు వేళ్లను గుర్తించవు. అప్పుడు మౌస్ పెట్టుకుని, సూపర్ షిఫ్ట్ పట్టుకుని చక్రం తిప్పితే అదే పని అవుతుంది.

సెట్టింగులన్నీ హోమ్ ఫోల్డర్‌లోని డాట్ కాన్ఫిగ్ కింద నిరి ఫోల్డర్‌లో, కాన్ఫిగ్ డాట్ కేడీఎల్ అనే ఒక్క ఫైల్‌లో ఉంటాయి. సేవ్ చేసిన మరుక్షణం మార్పు అమలవుతుంది. బ్రాకెట్ తప్పితే తెర మీద ఎర్రగా హెచ్చరిక వస్తుంది, పాత సెట్టింగులే నడుస్తుంటాయి, పని ఆగదు. టెర్మినల్‌లో నిరి వ్యాలిడేట్ అని కొడితే తప్పు ఏ లైన్‌లో ఉందో చెబుతుంది.

ఆ ఫైల్‌లో మొదటగా మార్చవలసింది ఖాళీలు. మామూలుగా విండోల మధ్య 16 పిక్సెళ్లు వదులుతుంది. కాలమ్ వెడల్పు లెక్క ఇలా ఉంటుంది: తెర వెడల్పులోంచి ఒక ఖాళీ తీసేసి, మిగిలినదాన్ని మీరిచ్చిన నిష్పత్తితో గుణించి, మళ్లీ ఒక ఖాళీ తీసేయాలి. 1366 మీద సగం అంటే 1350లో సగం 675, అందులో 16 పోగా 659. ఖాళీని 4 చేస్తే అదే సగం 677 అవుతుంది. మూడింట రెండు వంతుల కాలమ్ 884 నుంచి 904కు పెరుగుతుంది. ఎత్తులోనూ లాభమే. 768లో వేబార్ 30 తీసుకుంటే, 16 ఖాళీతో 706 మిగులుతాయి, 4 ఖాళీతో 730. ఇంత చిన్న తెర మీద ఈ 24 పిక్సెళ్లు అంటే స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరస. విండో చుట్టూ గీసే ఫోకస్ రింగ్‌ను కూడా 4 నుంచి 2కు తగ్గించండి.

రెండోది, సూపర్ ఆర్ నొక్కినప్పుడు వంతులవారీగా వచ్చే వెడల్పులు. ముందుగా ఇచ్చినవి మూడో వంతు, సగం, మూడింట రెండు వంతులు. 1366 తెర మీద మూడో వంతంటే 434 పిక్సెళ్లు, ఫోన్ తెరంత. దాన్ని తీసేసి సగం, మూడింట రెండు వంతులు, పూర్తి వెడల్పు అని పెట్టుకుంటే ప్రతి నొక్కూ పనికొస్తుంది. కొత్త విండో మామూలుగా సగం వెడల్పుతో తెరుచుకుంటుంది. బ్రౌజర్ ఎక్కువ వాడేవారు దాన్ని మూడింట రెండు వంతులకు మార్చుకోవాలి.

మూడోది చాలామంది చూడకుండా దాటేసే స్ట్రట్స్. తెరకు ఎడమా కుడీ కొన్ని పిక్సెళ్లు పక్కన పెట్టమని చెప్పే సెట్టింగు ఇది. చెరో వైపు 20 ఇస్తే, పూర్తి వెడల్పు కాలమ్‌లో ఉన్నప్పుడు కూడా పక్క విండోల అంచులు కాస్త కనిపిస్తూ ఉంటాయి. స్క్రోలింగ్ టైలింగ్ మీద వచ్చే ప్రధాన ఫిర్యాదు 'తెరిచిన విండో ఎక్కడికి పోయిందో తెలియట్లేదు' అన్నదే. దానికి మందు ఈ 40 పిక్సెళ్లు. ఇటు ఏదో ఉందని కంటికి తెలిస్తే చెయ్యి దానంతటదే అటు వెళుతుంది.

ఏ ప్రోగ్రామ్ ఎంత వెడల్పుతో రావాలో విండో రూల్స్‌తో ముందే చెప్పొచ్చు. పలాసలో జీడిపప్పు బట్టీ లెక్కలు చూసే గుమాస్తాను తీసుకోండి. పట్టీలో మొదట లిబ్రాఫీస్ కాల్క్, దాని పక్కన జీఎస్టీ పోర్టల్, ఆ పక్కన వాట్సాప్ వెబ్. కాల్క్‌కు ఓపెన్ మాగ్జిమైజ్డ్ రూల్, వాట్సాప్‌కు సగం వెడల్పు చాలు. పోర్టల్‌లో అంకె చూసి ఒక్క బాణం ఎడమకు కొడితే కాల్క్‌లో వదిలిన గడి వదిలినచోటే, అదే సైజులో ఉంటుంది. రూల్ రాయాలంటే ఆ ప్రోగ్రామ్ యాప్ ఐడీ కావాలి. టెర్మినల్‌లో నిరి ఎంఎస్‌జీ పిక్ విండో అని కొట్టి, విండో మీద క్లిక్ చేస్తే చూపిస్తుంది. వాట్సాప్‌ను బ్రౌజర్ ట్యాబుగా కాకుండా విడి యాప్‌గా ఇన్‌స్టాల్ చేసుకుంటేనే దానికి వేరే ఐడీ వస్తుంది.

కాలమ్‌లో నిలువుగా పేర్చడం ఈ తెర మీద టెర్మినళ్లకే పనికొస్తుంది. 4 ఖాళీతో మిగిలే 730 ఎత్తులో రెండు పేరిస్తే ఒక్కోదానికి 363 పిక్సెళ్లు, అంటే సుమారు 18 లైన్లు. కమాండ్ నడపడానికి సరిపోతుంది, బ్రౌజర్‌కు సరిపోదు. బ్రౌజర్, పీడీఎఫ్ లాంటివి ఒకచోట ఉండాలంటే సూపర్ డబ్ల్యూ ట్యాబులే దారి.

ఇక తెలుగు. మన వాళ్లకు ఎక్కువ సమయం తినేది ఇదే.

కీల మీద నేరుగా తెలుగు అక్షరాలు ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చినవారికి వేరే ప్రోగ్రామ్ అక్కర్లేదు. కాన్ఫిగ్‌లో కీబోర్డు సెట్టింగులుండే ఎక్స్‌కేబీ భాగంలో లేఅవుట్ దగ్గర యూఎస్, కామా, ఇన్ అని రాయాలి. వేరియంట్ దగ్గర ముందు ఒక కామా పెట్టి, తర్వాత టెల్ అని రాయాలి. ఆ ముందున్న కామాయే ప్రాణం. అది లేకపోతే టెల్ అన్నది మొదటి లేఅవుట్ అయిన యూఎస్‌కు అంటుకుంటుంది. యూఎస్‌లో అలాంటి వేరియంట్ లేదు కాబట్టి కీమ్యాప్ తయారవదు, తెలుగు రాదు. తర్వాత సూపర్ స్పేస్‌ను స్విచ్ లేఅవుట్ నెక్స్ట్ అనే చర్యకు కట్టండి. ఇక తెలుగులోకి మారి షిఫ్ట్ ఎం, డి, జె, ఆర్, కె, ఇ, కె, జి, షిఫ్ట్ ఎన్, ఎక్స్ వరసగా కొడితే శ్రీకాకుళం అని వస్తుంది. డి మీద పొల్లు ఉంటుంది, ఎం కొట్టిన శకారాన్ని జె మీది రకారంతో ముడివేసేది అదే. లేఅవుట్ల జాబితాలో ఇంగ్లీషు ఒకటి ఉంటే, తెలుగులో ఉన్నప్పుడు కూడా సూపర్ క్యూ, సూపర్ టి వంటి కీలు యథావిధిగా పనిచేస్తాయి. తెలుగు ఒక్కటే పెట్టుకుంటే ఆ కీలు దొరకవు.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతివారికి ఎఫ్‌సీఐటీఎక్స్5 అనే టైపింగ్ ప్రోగ్రామ్, దానికి ఎం17ఎన్ అనుబంధం కావాలి. నిరి మొదలైనప్పుడే అది మొదలయ్యేలా కాన్ఫిగ్‌లోని స్పాన్ ఎట్ స్టార్టప్‌లో చేర్చాలి. కంట్రోల్ స్పేస్‌తో భాష మారుతుంది. ఫైర్‌ఫాక్స్, జీటీకే ప్రోగ్రాముల్లో నేరుగా పనిచేస్తుంది. క్రోమ్, క్రోమియంలలో అక్షరాలు ఇంగ్లీషులోనే పడుతుంటే, ఎనేబుల్ వేలాండ్ ఐఎంఈ, వేలాండ్ టెక్స్ట్ ఇన్‌పుట్ వెర్షన్ 3 అనే రెండు ఫ్లాగులతో దాన్ని తెరవాలి. ఎక్స్11 మీద పనిచేసిన పాత చిట్కాలు గుర్తుపెట్టుకుని జీటీకే ఐఎం మాడ్యూల్ వేరియబుల్‌ను ఇక్కడ కూడా పెట్టొద్దు, అది వేలాండ్ దారికి అడ్డుపడుతుంది.

వేబార్‌లో విండో పేరు స్థానంలో డబ్బాలు కనిపిస్తే తెలుగు ఫాంట్ లేనట్టు. నోటో సాన్స్ తెలుగు పెడితే సరిపోతుంది. టెర్మినల్‌లో ఒత్తులు విడిపోవడం మాత్రం ఫాంటుతో తీరే జబ్బు కాదు. అలాక్రిట్టీ అక్షరాలను కలిపి రూపం కట్టదు, ఒక్కోదాన్ని సమాన వెడల్పు గడిలో విడిగా పెడుతుంది. తెలుగు రాతకు కేట్, జీఎడిట్, లిబ్రాఫీస్ వంటివి వాడండి.

పూర్తి డెస్క్‌టాప్‌లో తెలియకుండా జరిగిపోయే పనులు కొన్ని ఇక్కడ మీరే అమర్చుకోవాలి. పాస్‌వర్డ్ అడిగే కిటికీ రాక, డిస్క్‌ను విభజించే జీపార్టెడ్ లాంటివి తెరుచుకోకపోతే పాలసీకిట్ ఏజెంట్ నడవడం లేదని అర్థం. ఎల్‌ఎక్స్‌క్యూటీ వారి పాలసీకిట్‌ను స్టార్టప్‌లో చేర్చితే చాలు. వైఫైకి టెర్మినల్‌లో ఎన్ఎంటీయూఐ ఉంది. ఆన్‌లైన్ క్లాసులో స్క్రీన్ షేర్ అవ్వాలంటే ఎక్స్‌డీజీ డెస్క్‌టాప్ పోర్టల్ గ్నోమ్ ఉండాలి, లాగిన్ తెర మీద నిరి సెషన్‌ను ఎంచుకునే లోపలికి రావాలి. టీటీవై (నల్ల తెర కన్సోల్) నుంచి ఊరికే నిరి అని కొట్టి మొదలుపెడితే ఈ డెస్క్‌టాప్ పోర్టల్ పలకదు. పాత బ్యాటరీ ల్యాప్‌టాపులకు మరీ ముఖ్యమైన సంగతి: బ్యాటరీ అయిపోతోందని హెచ్చరించేవారెవరూ ఉండరు. వేబార్‌లో బ్యాటరీ మాడ్యూల్ పెట్టి, 25 శాతం దగ్గర రంగు మారేలా చేసుకోండి. కరెంటు పోయిన సంగతి మెషీన్ ఆరిపోయాక తెలియడం కన్నా అది మేలు.

ఇవన్నీ చేతితో అమర్చుకునే ఓపిక లేనివారికి మధ్యే మార్గం ఎల్‌ఎక్స్‌క్యూటీ. 2024 నవంబరులో వచ్చిన 2.1 వెర్షన్‌తో వేలాండ్ సెషన్ వచ్చింది. లబ్‌డబ్ల్యూసీ, వేఫైర్, స్వే వంటి ఇతర కంపోజిటర్లతో పాటు నిరిని కూడా అది ఒప్పుకుంటుంది. సెషన్ సెట్టింగుల్లో కంపోజిటర్‌గా నిరిని ఎంచుకుంటే ప్యానెల్, పాలసీకిట్, ఫైల్ మేనేజర్ ఎల్‌ఎక్స్‌క్యూటీవి, విండోల అమరిక నిరిది. ఇందులో ఒక ఉచ్చు ఉంది. ఈ సెషన్ నిరి మామూలు కాన్ఫిగ్ ఫైల్‌ను చదవదు. డాట్ కాన్ఫిగ్‌లో ఎల్‌ఎక్స్‌క్యూటీ ఫోల్డర్‌లోని వేలాండ్ ఫోల్డర్‌లో తనకు వేరే ఫైల్ ఉంటుంది. నిరి ఫోల్డర్‌లో ఎంత మార్చినా ఏమీ మారడం లేదంటే కారణం ఇదే. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.20లోనూ వేలాండ్ ఉంది కానీ ప్రయోగదశలో ఉంది, ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడేవారు ప్రస్తుతానికి ఆగడమే మంచిది.

తేలిక అన్న మాట దగ్గర చాలామంది పొరబడతారు. తెర బయట ఉన్న విండోల వల్ల ప్రాసెసర్‌కు పెద్ద భారం లేదు. కనబడని విండోలను నిరి సెకనుకు ఒక్కసారి చొప్పునే గీయమంటుంది. భారం ర్యామ్ మీద పడుతుంది. 1366×768 విండో బొమ్మ ఒక్కటి, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, సుమారు 4.2 ఎంబీ. ఒక్కో విండో అలాంటివి రెండు మూడు ఉంచుకుంటుంది. ఇంటెల్ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, అది కూడా మీ 4 జీబీలోంచే పోతుంది. అయినా పది విండోలకు కలిపి వంద ఎంబీకి అటూ ఇటూగానే. అసలు తిండిపోతు బ్రౌజర్. పట్టీకి అంతు లేదు కాబట్టి ఏ విండోనూ మూయాలనిపించదు. మధ్యాహ్నానికి పదిహేను విండోలు పోగుపడతాయి, ర్యామ్ చాలక డిస్క్‌ను వాడుకునే స్వాప్ మొదలవుతుంది, మౌస్ పాకుతుంది. అప్పుడు తప్పు నిరిదని అనుకుంటారు. ర్యామ్‌లోని డేటాను కుదించి చోటు మిగిల్చే జీరామ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఫెడోరా 33 నుంచి ముందే ఆన్ చేసి ఉంటుంది, ఆర్చ్‌లో జీరామ్ జనరేటర్ మీరే పెట్టుకోవాలి. భోజనానికి లేచే ముందు సూపర్ ఓ నొక్కి, ఓవర్‌వ్యూలో అక్కర్లేనివి మూసేయడం అలవాటు చేసుకోండి. గ్రాఫిక్స్ మరీ బలహీనమైతే యానిమేషన్స్ విభాగంలో ఆఫ్ అని ఒక్క మాట రాస్తే కదలికల భారం పోతుంది.

అందరికీ ఇది సరిపోదు. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ షాపులవారు ఆ మెషీన్‌ను కదపొద్దు. ఆ ప్రోగ్రాములను, విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపే వైన్‌లో నడిపినా అవి ఎక్స్11 దారిలో, ఎక్స్‌వేలాండ్ శాటిలైట్ గుండా రావాలి. తమ చిన్న చిన్న టూల్ పెట్టెలను తెర మీద ఫలానా చోటే పెట్టుకోవాలనుకునే ప్రోగ్రాములకు ఆ దారిలో చోటు దొరకదు, పెట్టెలు ఎక్కడో తేలుతాయి. తప్పనిసరైతే నిరిలోనే ఒక విండోగా లబ్‌డబ్ల్యూసీని తెరిచి, దాని లోపల వైన్‌ను నడపొచ్చు. అప్పుడు ఆ ఒక్క విండో పాత పద్ధతిలో, మిగతా పట్టీ కొత్త పద్ధతిలో నడుస్తాయి. లిబ్రాఫీస్, జింప్, ఇంక్‌స్కేప్‌లతో పని జరిగిపోయేవారికి ఈ తిప్పలేవీ లేవు. వాటి డైలాగ్ పెట్టెలను 25.01 వెర్షన్ నుంచి నిరి పట్టీలో ఇరికించకుండా విడిగా పైన తేలుస్తుంది. ఏదైనా విండోను మీరే అలా తేల్చాలంటే సూపర్ వి.